గృహ హింస కేసుల్లో తోడు నిలిచే చిన్న సంస్థకు గ్రాంటు ఎక్కడ మొదలుపెట్టాలి?

నర్సంపేట దగ్గర్నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిది మంది మహిళలు కలిసి 2021లో సొసైటీ రిజిస్టర్ చేసుకున్నారు. ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్లకు తోడుగా స్టేషన్‌కి, ఆసుపత్రికి, కోర్టుకి వెళ్తున్నారు. ఏడాదికి మూడు నాలుగు లక్షలు, అదీ ఊరివాళ్ల చందాలు, అమెరికాలో ఉన్న బంధువులు పంపే డబ్బు. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు) ఉంది, 80జీ (దాతలకు పన్ను రాయితీ) లేదు, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేదు. "ఐక్యరాజ్యసమితి ట్రస్ట్ ఫండ్‌కి అప్లై చేయొచ్చా? లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ఈ ఏడాది ట్రస్ట్ ఫండ్‌కి (మహిళల మీద హింసను ఆపే పనులకు ఐరాస ఇచ్చే గ్రాంటు నిధి) దరఖాస్తు పెట్టకండి. ముందు 80జీ, నీతి ఆయోగ్ వారి దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల నమోదు), సీఎస్‌ఆర్-1 (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి నమోదు) ఈ మూడూ పూర్తి చేసుకోండి. తర్వాత దేశంలోని డబ్బుతోనే రెండు మండలాల్లో పన్నెండు నెలల పని, రూ.15 లక్షల చుట్టూ బడ్జెట్‌తో ఒకటి నడిపి, ఆడిట్ అయిన లెక్కలు చేతిలో పెట్టుకోండి. పెద్ద దాతల తలుపు అప్పుడు తట్టండి. చిన్న సంస్థల ప్రపోజల్స్ ఎక్కువగా రెండు చోట్ల పడిపోతాయి. దాత ఇద్దామనుకున్నా ఆ డబ్బు చట్టప్రకారం సంస్థ ఖాతాలోకి వచ్చే దారి ఉండదు. దారి ఉన్నా, చేసే అసలు పని వదిలేసి "అవగాహన సదస్సులు" అని రాసేస్తారు. ఇంగ్లీషు బాగా రాయలేకపోవడం వీటి తర్వాతి సంగతి.

డబ్బు దారి ముందు చూద్దాం. అమెరికా బంధువుల దగ్గర మీరు వెంటనే ఒకటి తేల్చుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే, పంపింది వెయ్యి రూపాయలైనా విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ లేకుండా తీసుకోకూడదు. మన వరంగల్ వైపు ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు, వాళ్లలో ఎవరు ఎప్పుడు పౌరసత్వం మార్చుకున్నారో మనకు తెలియను కూడా తెలియదు. అందుకే పంపే ప్రతి ఒక్కరి దగ్గరా ఏటా పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ తీసుకుని రసీదుతో పాటు ఫైల్లో పెట్టండి. ఇప్పటికే ఓసీఐ వాళ్ల డబ్బు పడి ఉంటే దాచిపెట్టకండి, ఖర్చూ పెట్టకండి. చార్టర్డ్ అకౌంటెంట్‌ని వెంటనే కలవండి. రేపు మీరు ఎఫ్‌సీఆర్‌ఏకి వెళ్లినప్పుడు అధికారులు మొదట చూసేది ఇదే.

ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కి కనీసం మూడేళ్ల వయసుండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పని మీద మొత్తం రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీది ఏడాదికి మూడు నాలుగు లక్షలు. మూడేళ్లు కలిపినా తొమ్మిది నుంచి పన్నెండు. కాబట్టి మామూలు రిజిస్ట్రేషన్ ఇప్పుడు మీకు అందదు. దేశంలోని గ్రాంటు ఒకటి ముందు నడపమనడానికి ఇది పెద్ద కారణం, ఆ ఖర్చే మీ అర్హతను కడుతుంది. ఒక నిర్ణీత దాత, నిర్ణీత మొత్తం, రాతపూర్వక హామీ ఉంటే ముందస్తు అనుమతి అనే దారి ఉంది కానీ మొదటి అడుగుగా దాన్ని నమ్ముకోకండి.

"హైదరాబాద్‌లో పెద్ద సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, వాళ్లు తీసుకుని మాకు కొంత ఇస్తామంటున్నారు" అనే మాట చాలామంది చెబుతారు. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత అది కుదరదు. విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం, వాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా, మీకు ఉన్నా. అదే సవరణతో పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఆ పెద్ద సంస్థ మనుషులను తన ఉద్యోగులుగా నియమించుకుని, జీతం తానే ఇచ్చి మీ మండలాల్లో పని చేయించవచ్చు. అప్పుడు ఆ గ్రాంటు వాళ్లదే. మీ ఆడిట్‌లో పైసా కనిపించదు.

ఇక మీరు అడిగిన ట్రస్ట్ ఫండ్. 1996లో ఐరాస సర్వసభ్య సభ తీర్మానంతో ఏర్పడింది, ఇప్పుడు యూఎన్ విమెన్ నిర్వహిస్తోంది. సాధారణంగా మూడేళ్ల గ్రాంట్లు ఇస్తుంది, చిన్న సంస్థలకు వేరే శ్రేణి ఉంది. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు వంటివి ఎఫ్‌సీఆర్‌ఏ చెప్పే "విదేశీ వనరు" నిర్వచనంలోకి రావు. అంటే చట్టం దారి మూసేయలేదు. కానీ రెండు జాగ్రత్తలు. ఒప్పందంలో డబ్బు పంపేది నేరుగా ఐరాస సంస్థేనా, మధ్యలో వేరే అంతర్జాతీయ ఎన్జీవో ఉందా అన్నది చూడాలి. మధ్యలో ఎవరైనా ఉంటే మళ్లీ ఎఫ్‌సీఆర్‌ఏ కావాల్సిందే. రెండోది, పిలుపు ఇచ్చిన ప్రతిసారీ అర్హత షరతులు మారతాయి. పాత పిలుపు పత్రం చూసి సిద్ధం కావద్దు. ప్రపంచమంతటి నుంచి వందల దరఖాస్తులు వస్తే పదుల్లో ఎంపికవుతాయి, వరుసగా కొన్నేళ్ల ఆడిట్ నివేదికలు అడుగుతారు. నాలుగు లక్షల సంస్థ కోటి రూపాయలు అడిగితే ఎలా మోస్తుందనే సందేహం వాళ్లకు సహజంగానే వస్తుంది.

దేశంలోని డబ్బులో మీకు దగ్గరిది సీఎస్‌ఆర్. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. దాని కిందికి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఏ పనులకు ఇవ్వొచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో స్త్రీ పురుష సమానత్వం, మహిళా సాధికారత, మహిళల వసతి గృహాలు ఉన్నాయి. మీ ప్రపోజల్ మొదటి పేజీలోనే ఆ అంశాన్ని పేర్కొనండి. కంపెనీలో ఆ కాగితం చూసేవాళ్లకు అదే కావాలి. మీలాంటి సంస్థకు 12ఏ, 80జీ, సీఎస్‌ఆర్-1, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. కంపెనీలు తాము పనిచేసే ప్రాంతానికి ముందు ఇవ్వాలని చట్టమే చెబుతుంది. సింగరేణి అంటే భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు. ఎన్టీపీసీ అంటే రామగుండం చుట్టుపక్కల. నర్సంపేట నుంచి వాళ్లకు రాస్తే ఫలితం తక్కువ. మీకు దగ్గర్లో గీసుగొండ, సంగెం మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది, ఆడ కూలీలు ఎక్కువగా పనిచేసే రంగం అది. అక్కడి యూనిట్లను గ్రాంటు అడగడానికి ముందు, పని చోట లైంగిక వేధింపుల చట్టం కింద ఉండాల్సిన అంతర్గత కమిటీకి బయటి సభ్యురాలిగా, శిక్షణకు రాగలమని అడగండి. పరిచయం అలా మొదలైతే తర్వాతి ఏడాది సీఎస్‌ఆర్ మాట తేలిక.

అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వంటి దేశీయ ఫౌండేషన్ల డబ్బుకు ఎఫ్‌సీఆర్‌ఏ అక్కర్లేదు. ప్రభుత్వం వైపు మిషన్ శక్తి పథకం కింద సఖి కేంద్రాలు (హింస ఎదుర్కొన్న మహిళలకు ఒకేచోట సహాయం), శక్తి సదన్‌లు (ఆశ్రయ గృహాలు) ఉన్నాయి. వాటిని నడిపే బాధ్యతకు పిలుపు వస్తే ఇప్పుడే ఎగబడకండి. విడతలు ఆలస్యమైతే నాలుగైదు నెలల జీతాలు సంస్థే భరించాలి, డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్లనిదే తర్వాతి విడత రాదు. ఆ నిల్వ మీ దగ్గర లేదు. దానికంటే గృహ హింస చట్టం 2005, సెక్షన్ 10 కింద సర్వీస్ ప్రొవైడర్‌గా నమోదు చేసుకోండి. కనీసం మూడేళ్ల సేవ చూపించాలి. డబ్బు రాదు కానీ మీరు నింపే గృహ సంఘటన నివేదికకు (జరిగిన హింసను మేజిస్ట్రేట్ కోసం నమోదు చేసే ఫారం) చట్టబద్ధమైన విలువ వస్తుంది. సదుద్దేశంతో చేసిన పని మీద కేసులు వేయకుండా రక్షణ కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

ఇప్పుడు ప్రపోజల్. సమస్య రాసేటప్పుడు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాడండి. తెలంగాణలో 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో 36.9 శాతం భర్త హింస అనుభవించారు, దేశం మొత్తం మీద అది 29.3 శాతం. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. ఆ సర్వే జిల్లా పత్రాల్లో భర్త హింస అంకె ఉండదు, అది రాష్ట్ర స్థాయికే లెక్కించారు. "వరంగల్ జిల్లాలో ఇంత శాతం" అని ఆ సర్వే పేరు మీద రాస్తే, తెలిసిన రివ్యూయర్ అక్కడే పక్కన పెట్టేస్తారు. మీ మండలం సంగతికి మీ కేసు రిజిస్టరే ఆధారం. రెండేళ్లలో ఎందరు వచ్చారు, ఎవరి ద్వారా వచ్చారు, మొదట ఎవరికి చెప్పుకున్నారు. ఇలా నలభై కేసులు లెక్కతో చూపిస్తే రాష్ట్ర అంకె కన్నా బలంగా ఉంటుంది.

కొత్తగా ఇంటింటి సర్వే చేస్తామని మాత్రం రాయకండి. భర్త, అత్త ఇంట్లో ఉండగా "మిమ్మల్ని కొడతారా" అని అడిగి వెళ్లిపోతే ఆ రాత్రి ఆమెకు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఏకాంతంగా మాట్లాడాలి, సర్వే అసలు అంశం ఇంట్లో వేరెవరికీ తెలియకూడదు, ఒక ఇంట్లో ఒక్క మహిళనే అడగాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే సూచనలిచ్చింది. "మా ఇంటికి రాకుండ్రి అక్కా, అంగడి నాడు నేనే వస్త" అనే ఆడవాళ్లు మీ దగ్గర ఎందరో ఉంటారు. అంగడి రోజు, బస్టాండు దగ్గర గది, మూడు గంటలు: ఈ ఏర్పాటునే ప్రపోజల్‌లో కార్యక్రమంగా రాయండి, గది అద్దె బడ్జెట్‌లో పెట్టండి.

బడ్జెట్‌లో కేసు వెంట ఉండే ఖర్చు కనబడాలి. రెండు మండలాలకు నమూనా ఇది. కోఆర్డినేటర్ ఒకరు నెలకు 28,000 చొప్పున 3,36,000. కేస్ వర్కర్లు ఇద్దరు 18,000 చొప్పున 4,32,000. వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్ 12,000 చొప్పున 1,44,000. సలహాకు వకీలు 10,000 చొప్పున 1,20,000. అత్యవసర సహాయం 60 మందికి సగటున 2,500 అంటే 1,50,000. కేస్ వర్కర్ల తిరుగుడు ఒక్కొక్కరికి నెలకు 3,000 చొప్పున 72,000. గ్రామ సంఘాలతో 24 సమావేశాలకు 36,000. అంగన్‌వాడీ, ఆశా, సంఘం లీడర్లకు రెండు శిక్షణలు 50,000. మీ సిబ్బంది మనసు తేలిక చేసుకోవడానికి నెలకోసారి బయటి కౌన్సెలర్ 36,000. ఫోన్లు, తాళం బీరువా 20,000. అద్దె, కరెంటు (అంగడి గది కూడా ఇందులోనే) 72,000. పార్ట్‌టైమ్ అకౌంటెంట్ 48,000, ఆడిట్ 25,000. మొత్తం రూ.15,41,000. చివరి మూడూ కలిపి 1,45,000, అంటే తొమ్మిదిన్నర శాతం లోపే పరిపాలన ఖర్చు.

జీతాలు, ఫీజులే మూడింట రెండొంతులు ఉన్నాయని భయపడి తగ్గించకండి. ఇది మనుషులు చేసే పని. "హింసను ఎదుర్కొన్న మహిళతో ఆరు నెలలు నిలబడేది కేస్ వర్కరే, ఆమె జీతమే ఇక్కడ కార్యక్రమ ఖర్చు" అని బడ్జెట్ వివరణలో నేరుగా రాయండి. వకీలు ఫీజు చూడగానే "జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది కదా" అంటారు. నిజమే, ఆదాయంతో పనిలేకుండా ప్రతి మహిళకూ ఆ హక్కు ఉంది. కోర్టులో వాదన వాళ్ల ద్వారా, కేసు వేయాలా వద్దా అని తేల్చుకునే మొదటి సలహా మీ వకీలు ద్వారా అని విడదీసి రాయండి. ఇంకొకటి, వకీలుకు గాని కౌన్సెలర్‌కు గాని ఫీజు ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం పన్ను (టీడీఎస్) పట్టి కట్టాలి. మొదటి గ్రాంటులో ఎక్కువమంది మరిచేది ఇదే, ఆడిట్ రోజున వడ్డీతో కలిపి సొంత జేబులోంచి పోతుంది.

అత్యవసర సహాయం లెక్క దగ్గర ఆడిటర్‌కీ, ఆమె గోప్యతకీ మధ్య మీరు నలిగిపోతారు. అందుకే వోచర్ ముందే ఇలా తయారు చేసుకోండి. పైన తేదీ, సమయం. పేరు ఉండాల్సిన చోట కేసు కోడ్: "ఎన్-014". కింద "రాత్రి 11.20, నర్సంపేట నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ఆటో, 1,400; పిల్లలకు పాలు, బ్రెడ్, 110". ఆటో డ్రైవర్ సంతకం, ఫోను నంబరు. వెంట వెళ్లిన కేస్ వర్కర్ సంతకం, మర్నాడు కోఆర్డినేటర్ సంతకం. ఆ మహిళ సంతకం వోచర్ మీద ఎక్కడా వద్దు. కోడ్‌కీ పేరుకీ లంకె ఉన్న పుస్తకం ఒక్కటే, బీరువాలో, తాళం కోఆర్డినేటర్ దగ్గర. ఆడిటర్ అడిగితే ఆఫీసులోనే కూర్చుని కొన్ని కోడ్‌లు సరిచూసుకోవచ్చు, కాపీ తీసుకోకూడదు, ఫొటో తీయకూడదు. ఈ పద్ధతిని ఒక పేజీలో రాసి కమిటీ తీర్మానంతో గ్రాంటు ఒప్పందానికి ముందే దాతకు పంపండి. డబ్బు వచ్చాక చెబితే లబ్ధిదారుల పేర్ల జాబితా అడుగుతారు, అప్పుడు కాదనడం కష్టం. ఒకరికి ఒక రోజులో పదివేలు మించి నగదు ఇవ్వకండి, అది పన్ను లెక్కలో ఇబ్బంది.

సూచికల (పని ఫలితాన్ని కొలిచే అంకెల) దగ్గర నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. "కౌన్సెలింగ్ ద్వారా కలిపిన జంటలు" అనే సంఖ్యను ఎప్పుడూ ఫలితంగా రాయకండి. మన ఊళ్లలో కౌన్సెలింగ్ అనగానే పెద్దమనుషుల పంచాయితీ, సర్దుకుపోమ్మా అని పంపించడం. ఆ సంఖ్య మీద డబ్బు వస్తే మీ సిబ్బంది తెలియకుండానే ఆమెను వెనక్కి నెడతారు. "కేసులు 30 శాతం తగ్గుతాయి" అని కూడా రాయకండి. పని బాగా జరిగితే మొదటి ఏడాది బయటికి చెప్పుకునేవాళ్లు పెరుగుతారు. ఆ మాట ముందే ప్రపోజల్‌లో ఉండాలి. దాని బదులు ఇలాంటివి పెట్టండి: వచ్చిన 60 మందిలో కనీసం 45 మందికి మొదటి మాట చెప్పిన 72 గంటల్లో భద్రతా ప్రణాళిక, కేసు వేయాలనుకున్న ప్రతి మహిళకూ పది రోజుల్లో గృహ సంఘటన నివేదిక, మూడు నెలల తర్వాత మళ్లీ కలిసినప్పుడు "ఇప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు" అన్నవాళ్లు ఎందరు. ప్రతిదానికీ రుజువు ఎక్కడుందో పక్కనే రాయండి, కేసు ఫైల్లో ఎన్నో కాగితమో సహా.

పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయి మీద లైంగిక నేరం మీ దృష్టికి వస్తే పోక్సో కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి. గోప్యత హామీ ఇచ్చేటప్పుడే ఈ హద్దు చెప్పాలి, మీ విధానపత్రంలోనూ ఉండాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. మిగతా కేసుల్లోనూ వెనక నుంచి తీసిన ఫొటో అని సరిపెట్టుకోకండి, ఊళ్లో చీర చూసి గుర్తుపడతారు. రిపోర్టుకు సమావేశం గది, పోస్టర్, రిజిస్టర్ అట్ట ఫొటో చాలు.

చట్టం ప్రకారం గృహ హింస పిటిషన్‌ను మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో ముగించడానికి మేజిస్ట్రేట్ ప్రయత్నించాలి. ఆచరణలో నెలలు సాగుతుంది. పన్నెండు నెలల గ్రాంటులో పదో నెలలో వచ్చిన మహిళ సంగతేమిటని రివ్యూయర్ అడుగుతారు, అడగాలి కూడా. చివరి రెండు నెలల్లో ప్రతి కేసును సఖి కేంద్రానికో, న్యాయ సేవాధికార సంస్థకో ఆమె అనుమతితో పరిచయం చేసి అప్పగించే షెడ్యూల్ జతచేయండి. ఆ రెండు కార్యాలయాల నుంచి మద్దతు లేఖ తీసుకునేటప్పుడు "ఈ సంస్థ మంచి పని చేస్తోంది" అనే లేఖ వద్దు. "వీరు పంపే కేసులను ఫలానా రోజుల్లో తీసుకుంటాం" అనే ఒక్క వాక్యం చాలు.

కాగితాల్లో మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ ముక్కలైంది, 2021 ఆగస్టులో వరంగల్ రూరల్ వరంగల్ అయింది, అర్బన్ హనుమకొండ అయింది. మీ సొసైటీ సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, పాన్ మీద ఇంకోటి, బ్యాంకు పాస్‌బుక్ మీద మరోటి ఉండే అవకాశం ఎక్కువ. దర్పణ్‌లోనో, సీఎస్‌ఆర్-1లోనో నింపేముందు అన్నింట్లో పేరు అక్షరం అక్షరం, చిరునామా ఒకేలా ఉన్నాయా అని పక్కపక్కన పెట్టి చూడండి. కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్ దగ్గర ఏటా దాఖలు చేశారా, రసీదు ఉందా అన్నదీ చూడండి. తొమ్మిది మందిలో ఎవరైనా మారి ఉండి అది దాఖలు కాకపోతే బ్యాంకు సంతకాల దగ్గరే ఆగిపోతుంది.

అన్నింటికంటే ముందు, మీ 12ఏ ఆర్డర్ తీసి చూడండి. 2021 తర్వాత కొత్త సంస్థలకు మొదట ఇచ్చేది మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషనే. గడువులోపు పూర్తి రిజిస్ట్రేషన్‌కి మళ్లీ అప్లై చేయాలి, లేకపోతే సంస్థ ఆస్తి మీదే పన్ను పడే ప్రమాదం ఉంది. చాలా సంస్థలు ఒకసారి వచ్చింది కదా అని ఊరుకుంటాయి. మీ ఆర్డర్ మీద "తాత్కాలిక" అని ఉందా, ఏ ఆర్థిక సంవత్సరం వరకు ఇచ్చారో ఇక్కడే రాయండి. 80జీతో కలిపి ఏది ముందు పెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.